మిక్స్‌లో మోగిన పాటల జాబితా శ్రోతకు అందాలి

సంపాదకులకు నమస్కారం.

రేడియో కార్యక్రమాలనూ, డీజేలు పాటలను ఒకదానిలో ఒకటి కలుపుతూ ఆపకుండా వాయించే మిక్స్‌లనూ నిల్వ ఉంచి, కోరినప్పుడు వినిపించే ఆన్‌లైన్ వేదికలు వచ్చి పదిహేనేళ్లు దాటింది. 2007లో మొదలైన సౌండ్‌క్లౌడ్, ఆ మరుసటి ఏడాది లండన్‌లో మొదలైన మిక్స్‌క్లౌడ్ వంటివి లేకపోతే, ఏదో చిన్న స్టేషన్‌లో అర్ధరాత్రి దాటాక ప్రసారమైన రెండు గంటల కార్యక్రమం ఆ రాత్రితోనే గాలిలో కలిసిపోయేది. ఇప్పుడు దాన్ని మరో ఖండంలో ఉన్నవారు వారం తర్వాత తీరిగ్గా వింటున్నారు. ఈ మేలును కాదనేవారు ఉండరు. నా ఫిర్యాదు వేరే విషయం మీద. ఒక కార్యక్రమంలో ఏయే పాటలు మోగాయి, అవి ఎవరివి, ఏ నిమిషంలో మొదలయ్యాయి అని చెప్పే జాబితా, అంటే డీజేలు ట్రాక్‌లిస్ట్ అని పిలిచేది, చాలా సందర్భాల్లో శ్రోత చేతికి రావడం లేదు. కొన్నిచోట్ల అసలు ఉండదు, కొన్నిచోట్ల సగమే ఉంటుంది, మరికొన్నిచోట్ల ఉండి కూడా దాచిపెడతారు. ఆ జాబితా కార్యక్రమంలో భాగమే తప్ప దయతలచి ఇచ్చే అదనపు సౌకర్యం కాదని నా వాదన.

మామూలు పాటల యాప్‌లో ఈ సమస్య తలెత్తదు. అక్కడ ప్రతి పాటా విడిగా ఉంటుంది, దానికి పేరూ ఊరూ అంటిపెట్టుకుని ఉంటాయి. మిక్స్ సంగతి అలా కాదు. గంటసేపు సాగే మిక్స్ సాధారణంగా ఒకే ఒక ఫైల్. సెకనుకు 320 కిలోబిట్ల నాణ్యతతో భద్రపరిస్తే అది సుమారు 144 మెగాబైట్లు ఉంటుంది. అందులో ఇరవై పాటలు ఉన్నా ఒకటి ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో ఆ ఫైల్‌కు తెలియదు. పైగా అలా తెలియకుండా కలపడమే డీజే పనితనం. రేడియో వ్యాఖ్యాత అయితే మధ్యమధ్య ఆగి నాలుగు పేర్లైనా చెబుతాడు. మిక్స్‌లో ఆ గొంతు కూడా ఉండదు. అట్టా విషయసూచికా లేని కథల సంకలనం చేతికిచ్చి, ఏ కథ ఎవరిదో మీరే కనుక్కోండి అన్నట్టుగా ఉంటుంది.

కనుక్కోవడం ఎంత కష్టమో సౌండ్‌క్లౌడ్‌లో పేరున్న ఏ మిక్స్ తెరిచినా కళ్లకు కడుతుంది. అక్కడ పాట ధ్వనిరేఖ మీద ఏ క్షణం దగ్గరైనా వ్యాఖ్య రాయవచ్చు. సరిగ్గా ఒక మంచి పాట మొదలైన చోట వ్యాఖ్యలు రాసినవారి చిన్నచిన్న బొమ్మలు గుంపుగా చేరి ఉంటాయి. ఆ వ్యాఖ్యల్లో సగానికి సగం ఒకటే ప్రశ్న: ‘ట్రాక్ ఐడీ?’, అంటే ఈ పాట ఏది అని. ఏళ్ల తరబడి ఒకరి కింద ఒకరు అదే అడుగుతూ పోతారు. ఎప్పుడో ఎవరో పుణ్యాత్ములు వచ్చి జవాబు రాస్తారు, అది సరైనదో కాదో చెప్పే నాథుడుండడు.

పాటను గుర్తుపట్టే యాప్‌లు ఉన్నాయి కదా అనవచ్చు. షాజమ్ 2002లో బ్రిటన్‌లో మొదలైనప్పుడు ఫోన్‌లో 2580 నొక్కి పాట వినిపిస్తే పేరు సందేశంగా వచ్చేది, ఈ రోజు అది చేతిలోని తెర మీద క్షణాల్లో చేసి చూపిస్తుంది. అయితే ఆ పద్ధతి ఒక రికార్డింగ్‌లో ఏ క్షణాన ఏ పౌనఃపున్యం బలంగా ఉందో చుక్కల పటంగా గీసి, తన దగ్గరున్న పటాలతో పోల్చి చూస్తుంది. డీజే చేతిలో ఆ పటం చెదిరిపోతుంది. నిమిషానికి 122 బీట్లున్న పాటను 128 బీట్ల పాటతో కలపాలంటే దాని వేగం దాదాపు 5 శాతం పెంచాలి. శ్రుతిని స్థిరంగా ఉంచే మీట లేని టర్న్‌టేబుల్ (రికార్డులు తిప్పే యంత్రం) మీద అలా చేస్తే పాట శ్రుతి కూడా ఇంచుమించు ఒక అర్ధస్వరం పైకి జరుగుతుంది. దానికి తోడు ఒక నిమిషంపాటు రెండు పాటలు ఒకదానిమీద ఒకటి నడుస్తాయి, ఒకదాని బేస్ తగ్గించి రెండోదాని బేస్ పెంచుతారు, మధ్యలో ప్రతిధ్వని కలుపుతారు. అలాంటి చోట యాప్ చేతులెత్తేయడమో, మరేదో పాట పేరు చెప్పడమో మామూలే. అందుకే 1001ట్రాక్‌లిస్ట్స్ వంటి వెబ్‌సైట్లలో శ్రోతలే కూర్చుని, ఒక్కో మిక్స్‌ను నిమిషం నిమిషం విని, జీతం బత్తెం లేకుండా జాబితాలు కూర్చుతున్నారు. వారి ఓపికకు దండం పెట్టాలి. కానీ చెవులతో వారు తవ్వి తీస్తున్న సమాచారం మొదటి నుంచీ ఒకచోట రాసే ఉందన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం.

మొదట అది డీజే యంత్రంలోనే ఉంటుంది. రెకార్డ్‌బాక్స్, సెరాటో, ట్రాక్టర్ వంటి సాఫ్ట్‌వేర్‌లన్నీ ఏ పాట తర్వాత ఏ పాట వేశారన్న చరిత్రను తమంతట తామే భద్రపరుస్తాయి, దాన్ని ఫైల్‌గా బయటికి తీసుకునే వీలూ ఉంది. జాబితా రాసే తీరిక ఎవరికుంది అనే సాకు వినైల్ రికార్డులతో వాయించేవారికి చెల్లుతుంది గానీ ల్యాప్‌టాప్‌తోనో పెన్‌డ్రైవ్‌తోనో వాయించేవారికి అంతగా చెల్లదు. ఆ తర్వాత అది వేదిక దగ్గర ఉంటుంది. అప్‌లోడ్ అయిన ఫైల్‌ను మిక్స్‌క్లౌడ్ తన గుర్తింపు వ్యవస్థతో జల్లెడ పడుతుంది. ఒకే కళాకారుడి పాటలు మితిమీరి ఉన్నాయో లేదో తేల్చడానికీ, హక్కుదారులకు రాయల్టీ లెక్క కట్టడానికీ అది అవసరం. రేడియో స్టేషన్ల విషయానికొస్తే, చాలా దేశాల్లో అవి ప్రసారం చేసిన పాటల వివరాలను రాయల్టీ వసూలు సంఘాలకు ఎలాగూ పంపాలి. అంటే డీజేకు తెలుసు, వేదికకు తెలుసు, డబ్బులు పంచే సంఘానికి తెలుసు. తెలియనిది వింటున్నవారికే.

ఈ దాపరికంలో కొంత భాగానికి చట్టమే మూలమన్న సంగతి ఎక్కువమందికి తెలియదు కనుక కాస్త వివరంగా చెప్పాలి. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం, అక్కడి కాపీరైట్ చట్టంలోని 114వ సెక్షన్‌ను సవరించి, ఇంటర్నెట్ రేడియోలకు ఒక వెసులుబాటు కల్పించింది. పాట పాటకూ విడిగా అనుమతి అడగకుండా, నిర్ణీత రాయల్టీ చెల్లించి ప్రసారం చేసుకోవచ్చు. అందుకు బదులుగా కొన్ని షరతులు పెట్టింది. మూడు గంటల వ్యవధిలో ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకు మించి, ఒకే కళాకారుడివి నాలుగు పాటలకు మించి వేయకూడదు. ఐదు గంటల కన్నా తక్కువ నిడివిగల కార్యక్రమాన్ని ఆర్కైవ్‌గా అందించకూడదు, అంతకు మించినదాన్ని రెండు వారాలకు మించి ఉంచకూడదు. రాబోయే పాటల పేర్లు ముందుగా ప్రకటించకూడదు. ఒక గాయకుడు కన్నుమూసిన రోజున అతని పాటలతోనే రెండు గంటల నివాళి కార్యక్రమం చేద్దామనుకున్న ఇంటర్నెట్ రేడియోవారు ఈ వెసులుబాటు కింద ఆ పని చేయలేరు.

ముందుగా పేర్లు ప్రకటించకూడదన్న షరతు వెనక ఆనాటి భయం అర్థం చేసుకోదగినదే. ఫలానా పాట ఫలానా సమయానికి వస్తుందని తెలిస్తే శ్రోత సిద్ధంగా కూర్చుని రికార్డు చేసుకుంటాడు, ఇక డిస్కు ఎందుకు కొంటాడు అని సంగీత కంపెనీలు అనుకున్నాయి. కానీ అదే సెక్షన్ మరో మాట కూడా చెప్పింది. పాట మోగుతున్నంతసేపూ దాని పేరు, ఆల్బమ్ పేరు, ప్రధాన కళాకారుడి పేరు శ్రోతకు అక్షరాల్లో కనిపించేలా చూపాలని, అయితే మోగక ముందు చూపకూడదని షరతు పెట్టింది. అంటే పేరు తెలుసుకోవడం శ్రోత హక్కన్న సంగతి ఆ చట్టం రాసినవారికీ తట్టింది. ఇందులో మొదటి సగాన్ని మరిచి రెండో సగాన్ని మాత్రం గట్టిగా పట్టుకున్న వేదికలే ఎక్కువ.

మిక్స్‌క్లౌడ్ ఈ చట్టం మీదే ఆధారపడి లేదు. పెద్ద సంగీత కంపెనీలైన వార్నర్‌తో 2017లో, యూనివర్సల్, సోనీలతో 2018లో అది నేరుగా ఒప్పందాలు కుదుర్చుకుంది. డీజే మిక్స్‌లలోని పాటలకు నిజాయితీగా డబ్బు కట్టాలని అంత ముందుగా పూనుకున్న వేదిక అది, ఆ గౌరవం దానికి దక్కాలి. కానీ ఉచితంగా వినేవారికి అక్కడ పాటల పేర్లు అవి మోగేకొద్దీ ఒక్కొక్కటే బయటపడేలా పెట్టారు, వెనక్కి జరిపి వినడానికి కూడా పరిమితులు పెట్టారు. 2018 డిసెంబరులో తెచ్చిన ‘సెలెక్ట్’ కింద ఒక డీజే చానల్‌కు చందా కట్టినవారికి మాత్రం ఆ చానల్‌లోని జాబితా ముందే కనిపిస్తుంది. చందా డబ్బులో కొంత డీజేకూ కొంత హక్కుదారులకూ వెళుతుంది కాబట్టి చందా మీద నాకు అభ్యంతరం లేదు. ఆఫ్‌లైన్‌లో వినడానికి, వెనక్కి జరుపుకోవడానికి డబ్బు అడగవచ్చు. కానీ పాడినవారి పేరు తెలుసుకోవడానికి డబ్బు అడగడం ఏం న్యాయం? ముందుగా చూపడానికి ఒప్పందాలు అడ్డు వస్తే, కార్యక్రమం ముగిశాక అయినా మొత్తం జాబితా ఒక్కచోట తెరిచి చూపడానికి ఏ అడ్డూ ఉండకూడదు. ఏ పాటైనా వేరే యాప్‌లో పేరు టైపు చేస్తే క్షణంలో వినిపించే ఈ రోజుల్లో, రికార్డు చేసుకుంటారేమోనన్న భయంతో పేరు దాచడం మరీ విడ్డూరం.

డీజేల వైపు నుంచి వచ్చే అభ్యంతరం దీనికన్నా బలమైనది, పాతది కూడా. జమైకాలో 1950లలో సౌండ్ సిస్టమ్‌ల (వీధుల్లో నృత్యాలకు పాటలు వేసే పెద్ద స్పీకర్ల బృందాల) యజమానులు అమెరికా నుంచి తెచ్చుకున్న రికార్డుల మీది లేబుళ్లు గోకేసేవారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1973 నుంచి పార్టీలు నడిపిన డీజే కూల్ హెర్క్ తన రికార్డులను నీళ్లలో నానబెట్టి లేబుళ్లు ఊడదీసేవాడు. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతాల్లో అరుదైన అమెరికన్ సోల్ పాటలతో నృత్య రాత్రులు నడిపిన నార్తర్న్ సోల్ డీజేలు అసలు పేరు మీద కాగితం అంటించి, లేని కళాకారుల పేర్లు పుట్టించి ప్రకటించేవారు. అరుదైన రికార్డు వెతికి పట్టుకోవడమే వారి పెట్టుబడి కాబట్టి, పోటీదారుకు దాన్ని ఊరికే అప్పగించకూడదనుకున్నారు. ఈ సంప్రదాయం మీద నాకూ ముచ్చట ఉంది, అబద్ధమెందుకు. ఆ గోప్యతే ఒక్కోసారి ఒక పాట చుట్టూ ఏళ్లతరబడి నడిచే కథగా మారింది. కానీ అది ఒక గదిలో, ఒక రాత్రి, ఎదురుగా ఉన్న మనుషుల ముందు జరిగిన వ్యవహారం. ఫైల్‌ను ప్రపంచమంతా వినేలా శాశ్వతంగా పెట్టి, దాని మీద శ్రోతలను, అనుచరులను, కార్యక్రమాల ఆహ్వానాలను సంపాదించుకుంటూ, పాట చేసినవారి పేరు మాత్రం చెప్పనంటే ఆ లెక్క వేరు. ఇంకా విడుదల కాని పాటల విషయంలో మినహాయింపు సబబే. జాబితాల్లో అటువంటివాటి చోట ‘ఐడీ’ అని రాసి వదిలేయడం ఇప్పటికే ఆనవాయితీ. విడుదలయ్యాక ఆ ఖాళీ పూరించే వీలుంటే చాలు.

నష్టపోయేది ఎవరని అడిగితే, పేరున్న కళాకారుడు కాదు. అతని పాటను యాప్ ఇట్టే పట్టేస్తుంది, డబ్బు వెళ్లాల్సినచోటికి వెళుతుంది. ఐదువందల ప్రతులు మాత్రమే అచ్చయిన వినైల్ రికార్డు, చిన్న లేబుల్ (రికార్డు సంస్థ) విడుదల చేసిన పాట, పెద్ద కంపెనీల పటాల్లో లేని పాత రికార్డింగ్, వీటిని గుర్తింపు యంత్రం పట్టలేకపోతే అవి ఎవరివీ కాకుండా పోతాయి. యంత్రం విఫలమైన చోట మనిషి రాసిన జాబితాయే దిక్కు. ఆపిల్ మ్యూజిక్ 2021లో షాజమ్ పరిజ్ఞానంతో డీజే మిక్స్‌లలోని ఒక్కొక్క పాటనూ విడదీసి గుర్తించి, వాటి హక్కుదారులకు చెల్లింపులు చేసే పద్ధతి తెచ్చింది. అక్కడ మిక్స్ వింటూంటే పాటల పేర్లు వరుసగా కనిపిస్తాయి. సాంకేతికంగా ఇది సాధ్యమేనని అది నిరూపించింది. అయితే అది సొంత భాండాగారంలో ఉన్న పాటలను పోల్చి చూసే పద్ధతి. అక్కడ లేని పాటకు మళ్లీ డీజే మాటే ఆధారం.

జాబితాను గౌరవించే చోటు ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలోని న్యూజెర్సీలో శ్రోతల విరాళాలతో నడిచే డబ్ల్యూఎఫ్‌ఎమ్‌యూ స్టేషన్‌ను చూడవచ్చు. అక్కడి వ్యాఖ్యాతలు కార్యక్రమం నడుస్తుండగానే కళాకారుడు, పాట, ఆల్బమ్, లేబుల్ వివరాలను పేజీలో నింపుతూ పోతారు. పక్కనే శ్రోతలు కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు, తప్పు పడితే వెంటనే చెబుతారు. ఏళ్ల కిందటి కార్యక్రమాల పేజీలు కూడా వెతికితే దొరుకుతాయి. లండన్‌లో 2011లో మొదలైన ఎన్‌టీఎస్ అనే ఆన్‌లైన్ రేడియో కూడా తన కార్యక్రమాల పేజీల్లో పాటల జాబితాలు ఇస్తుంది. పెద్ద సంస్థలకే ఇది సాధ్యమన్న మాట ఇక్కడ నిలవదు. డబ్ల్యూఎఫ్‌ఎమ్‌యూలో వ్యాఖ్యాతల్లో ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసేవారే.

జాబితా మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ వేదికల మీది ధ్వనికి ఆయుష్షు తక్కువ. ఒకప్పుడు సంగీతకారులు పాటలు పెట్టుకున్న సామాజిక మాధ్యమం మైస్పేస్ 2019లో, సర్వర్లు మార్చేటప్పుడు 2015కు ముందు అప్‌లోడ్ అయిన సంగీతమంతా పోయిందని ఒప్పుకుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రెడ్ లైట్ రేడియో పదేళ్లు నడిచి 2020లో మూతపడింది. ప్రత్యక్ష వీడియో ప్రసారాల వేదిక ట్విచ్ 2024లో డీజేల కోసం సంగీత కంపెనీలతో కుదుర్చుకున్న ఏర్పాటు ప్రత్యక్ష ప్రసారానికే వర్తిస్తుంది, తర్వాత చూసుకునే రికార్డింగులకు వర్తించదు. మిక్స్‌క్లౌడ్ 2022 డిసెంబరు నుంచి ఉచిత ఖాతాదారులు ప్రచురించి ఉంచగల కార్యక్రమాలను పదికి పరిమితం చేసింది. నిల్వకూ రాయల్టీకీ ఖర్చవుతుంది, ఎవరూ ఊరికే భరించరు, నిజమే. కానీ కార్యక్రమం కనబడకుండా పోయినప్పుడు దానితోపాటు జాబితా కూడా ఎందుకు పోవాలి? ఒక గంట మిక్స్ 144 మెగాబైట్లయితే, అందులోని ఇరవై పాటల పేర్లు రెండు కిలోబైట్లు కూడా ఉండవు. వాటి మీద కాపీరైట్ వివాదమూ లేదు.

కాబట్టి వేదికల నిర్వాహకులు చేయదగిన పనులు నాకు తోచినవి చెబుతాను. అప్‌లోడ్ చేసేటప్పుడు డీజే సాఫ్ట్‌వేర్ చరిత్ర ఫైల్‌ను నేరుగా తీసుకుని జాబితాగా మార్చే ఏర్పాటు ఉండాలి, చేత్తో టైపు చేయమంటే ఎవరూ చేయరు. వీలైనచోట ప్రతి పాట పక్కనా దాని ఐఎస్‌ఆర్‌సీ సంకేతాన్ని చేర్చాలి. పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన ఈ సంకేతం ఒక్కో రికార్డింగ్‌కు ఒక్కటే ఉంటుంది, అసలు పాటకు వేరు, దాని రీమిక్స్‌కు వేరు కాబట్టి ఒకే పేరున్న పాటల మధ్య తికమక పోతుంది, రాయల్టీ లెక్కా తేలికవుతుంది. వేదిక యంత్రం తన వంతుగా గుర్తించిన పేర్లు డీజే రాసినవాటికి భిన్నంగా ఉంటే రెండూ పక్కపక్కన చూపాలి, ఏది యంత్రం చెప్పిందో ఏది మనిషి చెప్పిందో తెలియాలి. శ్రోతలు తప్పు దిద్దగలగాలి, ఆ దిద్దుబాటును డీజే ఆమోదించాలి. డీజే జాబితా ఇవ్వకపోతే ఆ సంగతి పేజీ మీద స్పష్టంగా కనిపించాలి.

వీటన్నింటికీ సమయం పడుతుంది, ఒప్పందాలు మళ్లీ రాసుకోవాల్సి వస్తుంది. రేపటినుంచే చేయగలిగింది మాత్రం ఒకటుంది. బీబీసీ తన సంగీత కార్యక్రమాల్లో ఎక్కువవాటిని ప్రసారమైన 30 రోజుల వరకే వినిపిస్తుంది. గడువు దాటాక ధ్వని తీసేస్తుంది గానీ కార్యక్రమం పేజీని, అందులో మోగిన పాటల వివరాలను అలాగే ఉంచుతుంది. గడువు తీరినా, చందా ఆగినా, హక్కుదారు ఫిర్యాదు చేసినా, డీజే తన ఖాతాను కుదించుకున్నా, మిగతా వేదికలు కూడా ధ్వనిని మాత్రమే తొలగించి, తేదీ, కార్యక్రమం పేరు, సమర్పించినవారి పేరు, పాటల జాబితా ఉన్న పేజీని అదే చిరునామాలో నిలిపి ఉంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రేడియో శ్రోత